25 అడుగుల రోడ్డుని 14కి కుదించారు: సియాటిల్ సీ స్ట్రీట్ రివ్యూ, 5కి 4 స్టార్లు

రోడ్డుకి రివ్యూ ఏంట్రా బాబూ అనుకోకండి, మా వీధి కూడా రీకన్‌స్ట్రక్షన్ లిస్టులో పడింది, సిటీ పంపిన కన్సల్టెంట్ మీటింగ్‌లో "ఇలాంటిది చేద్దాం" అని చూపించిన ఫోటో ఇదే, దగ్గరే కదా అని పోయి చూసొచ్చా.

ఇది సియాటిల్ ఉత్తరాన బ్రాడ్‌వ్యూ ఏరియాలో ఉంది, 2వ అవెన్యూ నార్త్‌వెస్ట్‌లో 117, 120 వీధుల మధ్య చిన్న ముక్క. పూర్తి పేరు స్ట్రీట్ ఎడ్జ్ ఆల్టర్నేటివ్స్, మొదటి అక్షరాలు కలిపి అందరూ సీ (SEA) స్ట్రీట్ అంటారు. సిటీలో నీళ్ళు, డ్రైనేజీ చూసే సియాటిల్ పబ్లిక్ యుటిలిటీస్ వాళ్ళు 2001లో పూర్తి చేశారు, అంటే పాతికేళ్ళ పాత ప్రోడక్ట్, కొత్తలో మెరిసే టైపు కాదు, వాడిన తర్వాత ఎలా ఉందో చూడొచ్చు. మన దగ్గర 40 ఫీట్ల రోడ్డు ఫేసింగ్ అని ప్లాటు రేటు పెంచుతారు, ఇక్కడేమో ఉన్న 25 అడుగుల్ని కోసి 14 చేశారు, ఆ మాట మా నాన్నగారికి ఫోన్లో చెప్తే "మిగతాది ఎవరు కబ్జా చేశార్రా" అన్నారు 😄

కబ్జా చేసింది మొక్కలు. 100కి పైగా చెట్లు, 1,100 పొదలు పెట్టారు అప్పట్లో. రోడ్డు తిన్నగా ఉండదు, మెలికలు తిరుగుతుంది, ఆ వంపుల్లో రెండు పక్కలా లోతు తక్కువ గుంటలు తవ్వి మంచి మట్టి, కంపోస్టు వేసి మొక్కలు పెట్టారు, వాన నీళ్ళు రోడ్డు మీద నుంచి వాటిలోకి జారి అక్కడే ఇంకిపోతాయి. అసలు పథకం అందం కోసం కాదండీ. అక్కడి వాన నీళ్ళు పైపర్స్ క్రీక్‌లోకి పోతాయి, అది కార్కీక్ పార్క్ లోంచి సముద్రంలో కలుస్తుంది, సాల్మన్ చేపలు వచ్చే వాగు, ఒక్కసారిగా నీళ్ళు దూకితే గట్లు కోసుకుపోతాయి. కట్టాక రెండేళ్ళు కొలిచారు, వీధి దాటి బయటికి పోయే వాన నీళ్ళు 99 శాతం తగ్గాయని తేలింది. తారు, కాంక్రీటు పరిచిన చోటు తగ్గించింది మాత్రం మామూలు వీధితో పోలిస్తే 11 శాతమే. ఈ రెండు నంబర్లూ పక్కపక్కన పెట్టుకుని చూడండి, పని చేసింది రోడ్డు సన్నబడటం ఒక్కటే కాదు, మిగిలిన జాగాలో ఏం పెట్టారన్నది. మా కన్సల్టెంట్ గారి డ్రాయింగ్‌లో వెడల్పు తగ్గింది, మిగిలిన జాగాలో ఉత్తి లాన్ గీశారు. అడిగితే "అది నెక్స్ట్ ఫేజ్" అన్నారు. ఎప్పుడు ఆ ఫేజ్ అంటే జవాబు లేదు.

14 అడుగుల్లో ఎదురెదురు కార్లు ఎలా పోతాయని అందరికీ డౌట్. మా వీధిలో చాక్‌పీస్‌తో 14 అడుగులు గీసి రెండు కార్లు పక్కపక్కన పెట్టి చూశాం, ఒకటి క్యామ్రీ, అదే ఆరడుగుల వెడల్పు, రెండిటికీ కలిపి 12 పోతే మిగిలేది రెండడుగులు, అందులోనే అద్దాలు కూడా. పడతాయి, కానీ బ్రేక్ మీద కాలేసి, ఎదుటాయన మొహం చూసి చెయ్యి ఊపి మరీ పోవాలి. అదే కదా కావాల్సింది, ఇళ్ళ మధ్య 25 అడుగుల తారు ఖాళీగా కనిపిస్తే ఎవడైనా తొక్కేస్తాడు. సీ స్ట్రీట్‌లో ఎత్తయిన కర్బ్ (రోడ్డు అంచు గట్టు) లేదు, అంచున చదునుగా కాంక్రీటు పట్టీ ఉంటుంది, పెద్ద బండి వస్తే చక్రం కాస్త పక్కకి దింపుకోవచ్చు. ఒక వైపు ఫుట్‌పాత్ కూడా ఉంది, మన పేరెంట్స్ వచ్చినప్పుడు సాయంత్రం నడవడానికి అదొక్కటి చాలు, అమ్మ చీర కట్టుకుని రోడ్డు అంచున నడుస్తుంటే వెనక నుంచి కారొస్తోందేమోనన్న భయం ఉండదు.

ఇంక ఫైర్ ఇంజన్. ఇక్కడ మామూలుగా వాడే ఫైర్ కోడ్‌లో 20 అడుగుల దారి అడుగుతారు, కాబట్టి ఇలాంటివి చేసేటప్పుడు డ్రాయింగ్ మొదలుపెట్టకముందే ఫైర్ డిపార్ట్‌మెంట్‌ని కూర్చోబెట్టాలి. పోర్ట్‌లాండ్‌లో 1991లోనే సన్న వీధులకి పర్మిషన్ ఇచ్చారు, ఒక పక్క పార్కింగ్ అయితే 20 అడుగులు, రెండు పక్కలా అయితే 26. మా మీటింగ్‌కి ఫైర్ వాళ్ళనే పిలవలేదు, చెత్త లారీ మలుపు గురించి ఒకావిడ అడిగితే అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఆ కట్ చేసిన స్టార్ సంగతి. మొదటిది పార్కింగ్, రోడ్డు మీద ఎక్కడ పడితే అక్కడ ఆపలేరు, మొక్కల గుంటల మధ్య కొన్ని స్లాట్లు ఉంటాయి అంతే. మనవాళ్ళ ఇంట్లో సత్యనారాయణ వ్రతం అంటే పాతిక కార్లు, ఎక్కడ పెడతారు? రెండోది, ఇది వేసి వదిలేసే రోడ్డు కాదు, కలుపు తీయాలి, ఆకులు ఎత్తాలి, గుంటలో ఒండ్రు పేరుకుంటే తీయాలి, ఇళ్ళవాళ్ళు కూడా చెయ్యి వెయ్యాలి. తోటపని అంటే ఇష్టం ఉన్నవాళ్ళకి ఓకే, వీకెండ్ పడుకునే బ్యాచ్‌కి కష్టం. మీ వీధికి ఇలాంటి ప్లాన్ వస్తే ముందు ఇది ఎవరు చేస్తారో కాగితం మీద రాయించుకోండి, వెడల్పు గొడవ తర్వాత పడొచ్చు.

చూడ్డానికి వెళ్ళేవాళ్ళు కారు పక్క వీధిలో పెట్టి నడవండి, ఉన్న ఆ కాసిని స్లాట్లు మనం ఆక్రమించొద్దు. ఎండలో వెళ్తే తోటలాగా కనిపిస్తుంది అంతే, వాన పడుతున్నప్పుడు వెళ్ళండి, నవంబర్ అయితే కార్కీక్ పార్క్‌లో చమ్ సాల్మన్ కూడా చూసుకుని రావచ్చు.