నెల్లూరులో టుటు స్కర్టు: కొన్నేళ్లు వాడాక నా మాట

ముందు తేల్చి చెప్పేస్తాను, కారణాలు తర్వాత. బాలే అనే పాశ్చాత్య నృత్యం చేసే డాన్సర్లు వేసుకునే, నెట్ పొరలతో గుబురుగా ఉండే స్కర్టే టుటు. వాటిల్లో రోజూ వేసుకుని బయటికి వెళ్లగలిగేది ఒక్కటే: పిక్కల దాకా వచ్చే పొడుగు రకం. అదీ మెత్తటి నెట్‌తో, నడుం దగ్గర సరిగ్గా కుట్టింది అయితేనే. మిగతావి ఎంత ముద్దుగా ఉన్నా స్టేజీకో ఫోటోకో. నేను డాన్సర్‌ని కాదు. పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేసే ఉద్యోగం. వేదాయపాళెం నుంచి మాగుంట లేఅవుట్‌కి స్కూటీ మీద వెళ్తాను, పగలంతా ఏసీలో కుర్చీకి అతుక్కుని ఉంటాను, ఎప్పుడైనా ఆదివారం మైపాడు బీచ్. ఈ స్కర్టులు నలిగింది ఈ బతుకులోనే కాబట్టి ఆ లెక్కలోనే చదవండి.

పొడుగు రకాన్ని రొమాంటిక్ టుటు అంటారు. 1832లో పారిస్‌లో మారీ టాలియోనీ అనే డాన్సర్ ‘లా సిల్ఫైడ్’ బాలేలో వేసుకున్న తెల్లటి పల్చటి గౌనుతో ఆ రూపం స్థిరపడింది. ఆమె మునివేళ్ల మీద నిలబడి చేసే పని జనానికి కనబడాలి, అందుకని అంచు పాదాలకు పైనే ఆగేది. మనకి మునివేళ్లతో పని లేదు గానీ, అంచు ఆ ఎత్తులో ఉండటం వల్లే ఆర్టీసీ బస్సు మెట్లు ఎక్కుతున్నాను, వాన పడ్డ రోజు ఆత్మకూరు బస్టాండు దగ్గర నీళ్లు దాటుతున్నాను. పరికిణీ అయితే ఒక చెయ్యి దానికే ఇచ్చెయ్యాలి.

నెట్ చిన్నబజారులో కొని మా వీధి టైలరక్క దగ్గర కుట్టించాను. నేను పొరల లెక్క చెబుతుంటే, ‘ఏందిమ్మే ఇది, లెహంగా లోపలేసే కాన్‌కాన్ పైనేసుకుంటావా?’ అంది. నిజానికి పనితనం అదే, నెట్ వేరు. కాన్‌కాన్‌కి వాడే గట్టి నెట్ తొడలకి గీరుకుంటుంది, కూర్చుని లేస్తే వెనక మడతలు అలాగే నిలబడిపోతాయి. నా స్కర్టులో అన్నిటికంటే లోపల కాటన్ లైనింగ్, దాని మీద నిలబెట్టడానికి ఒకే ఒక్క పొర గట్టి నెట్, ఆ పైన నాలుగు పొరలు సాఫ్ట్ నెట్. లైనింగ్‌కి శాటిన్ షోకుగా ఉంటుందని షాపులో ఒకటే చెప్పారు. మే నెల నెల్లూరులో శాటిన్ ఒంటికి అతుక్కుంటే ఎలా ఉంటుందో ఇక్కడివాళ్లకి నేను చెప్పాలా?

కొనేవాళ్లయినా, కుట్టించుకునేవాళ్లయినా నెట్ కంటే ముందు నడుం చూడండి. అసలైన బాలే టుటులో నడుం నుంచి తుంటి దాకా ఒంటికి పట్టి ఉండే పట్టీ ఒకటి ఉంటుంది, బాస్క్ అంటారు. కుచ్చులు దాని కింది నుంచి మొదలవుతాయి. అంత గుడ్డ ఉన్నా డాన్సర్ నడుం సన్నగా కనబడేది అందుకే. బజారు టుటుల్లో చాలావాటికి ఈ పట్టీ ఉండదు, పొరలన్నీ కలిపి ఎలాస్టిక్‌లోకి కుచ్చి వదిలేస్తారు. ఇక ఆ లావంతా పొట్ట మీదే, చీర కింద తువ్వాలు దోపుకున్నట్టు. అన్నం తిన్నాక మరీ ఘోరం. నాకు నాలుగంగుళాల పట్టీ వేయించి, పక్కన హుక్కులకి రెండు వరసలు పెట్టించాను. పొరల్ని ఒకే గీత మీద కాకుండా ఒకదాని కింద ఒకటి కొంచెం ఎడంగా కుట్టమన్నాను. టైలరక్క విసుక్కుంది, కూలీ ఎక్కువ తీసుకుంది. ఇచ్చిన ప్రతి రూపాయికీ విలువ కనబడుతోంది.

మోకాళ్ల దాకా వచ్చే రెడీమేడ్ ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించాను. ఫోటోలో ఏడు పొరలు, పెట్టెలో నాలుగు. ఎలాస్టిక్ ఒక ఎండాకాలానికే సాగిపోయింది. దాని గురించి ఇంతకంటే రాయడం దండగ.

పాన్‌కేక్ టుటు సంగతి వేరు. బాలే అనగానే మన కళ్లముందుకొచ్చే, తుంటి దగ్గర నుంచి అడ్డంగా నిలబడే పొట్టి రకం అది. పది పన్నెండు పొరలు, పై నుంచి కిందికి వచ్చేకొద్దీ పొట్టివి అవుతూ నేరుగా లోపలి నిక్కరుకే కుట్టి ఉంటాయి. మధ్యలో ఒక తీగ చక్రం దూరుస్తారు. మా ఆఫీసుకి ప్రీవెడ్డింగ్ షూట్ల కోసం ఒకటి వచ్చింది కాబట్టి వేసుకుని తిరిగాను. కూర్చుంటే వెనక తీగ నలుగుతుంది, ముందు భాగం లేచి మొహం ముందుకొస్తుంది. తలుపులోంచి పక్కకి తిరిగి వెళ్లాలి. బాత్‌రూమ్ ముచ్చట అడక్కండి. ఫోటోలో మాత్రం అద్భుతం, దాన్ని మించింది లేదు.

ఆ తీగ తీసేస్తే వచ్చేది పౌడర్‌పఫ్ రకం. 1950లో న్యూయార్క్‌లో కాస్ట్యూమ్ డిజైనర్ బార్బరా కరిన్స్కా, బాలే నృత్య దర్శకుడు జార్జ్ బాలన్‌షైన్ కోసం చేసింది. స్టేజీ నిండా డాన్సర్లు ఉంటే తీగ స్కర్టులు ఒకదానికొకటి తగిలి ఊగిపోతాయి. ఆ ఇబ్బంది షేర్ ఆటోలో ముగ్గురి మధ్య ఇరుక్కున్నవాళ్లకి వెంటనే అర్థమవుతుంది. ఇందులో పొరల్ని వదులు కచ్చా కుట్లతో ఒకదానికొకటి పట్టి ఉంచుతారు. పొట్టి వాటిలో ఏదో ఒకటి కావాలంటే ఇదే తీసుకోండి, లెగ్గింగ్స్ మీద, ఇంట్లో పుట్టినరోజుకి. నేను మాత్రం ఆ కచ్చా కుట్టు ఒక్కటి నా పొడుగు స్కర్టుకి తెచ్చుకున్నాను. అంతకుముందు స్కూటీ మీద వెళ్తుంటే గాలికి పొరలు ఒక్కొక్కటే విడిపోయి ఎగిరేవి. ఇప్పుడు అన్నీ కలిసే కదులుతాయి. అయినా అంచంతా తొడల కింద సర్దుకోకుండా బండి తియ్యను. వెనక సీట్లో పక్కకి తిరిగి కూర్చోవడం అసలే వద్దు, చక్రం పక్కనే ఉంటుంది.

ఎండకి జీన్స్ కంటే ఇది నయం, గాలి ఆడుతుంది. నైలాన్ నెట్ నీళ్లు పెద్దగా పీల్చదు, వానలో తడిసినా ఫ్యాన్ కింద త్వరగా ఆరుతుంది. లైనింగే ఆరదు. బీచ్ ఇసుక దులిపితే రాలిపోతుంది. సర్కారు తుమ్మ ముల్లు తగిలితే చిరుగుతుంది, కాకపోతే పోగు లాక్కుంటూ పోదు, చిరుగు అక్కడికక్కడే ఆగుతుంది. అంచు మడిచి కుట్టే పని కూడా లేదు, కత్తెరతో కోసి వదిలేయడమే.

నిప్పు విషయంలో మాత్రం నవ్వులాట కాదు. 1862లో పారిస్‌లో రిహార్సల్‌లో ఎమ్మా లివ్రీ అనే బాలే డాన్సర్ స్కర్టు గ్యాస్ దీపానికి అంటుకుంది. కాలిన గాయాలతో 1863లో చనిపోయింది. నిప్పంటుకోకుండా మందు పట్టించిన గుడ్డ అప్పటికే ఉంది, బిరుసుగా, మాసినట్టు ఉంటుందని ఆమె వద్దంది. మన నైలాన్ నెట్ కరిగి చర్మానికి అంటుకుంటుంది, అది ఇంకా ప్రమాదం. కార్తీక మాసంలో గుడికి, దీపావళి రాత్రి వీధిలోకి, పొయ్యి దగ్గరికి నేను ఈ స్కర్టుతో వెళ్లను. ఇంట్లో చిన్నపిల్లలకి నెట్ గౌన్లు వేసేవాళ్లూ ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఉతకడం బకెట్లో, షాంపూ నీళ్లతో, పిండకుండా. మెషిన్‌లో వేస్తే ముద్ద అవుతుంది. ఉతికేకొద్దీ నెట్‌లో గంజి లాంటి బిరుసు పోయి మెత్తబడుతుంది. పొడుగు స్కర్టుకి అది మంచిదే, పొట్టి వాటికి ప్రాణం పోతుంది. ఇస్త్రీ బండికి ఇవ్వకండి, బొగ్గుల పెట్టెలో వేడి తగ్గించే వీలు ఎక్కడుంది? ఆవిరి పట్టిస్తే చాలు. పాన్‌కేక్‌ని ఆఫీసులో తలకిందులుగా వేలాడదీస్తాం, డాన్సర్లూ అలాగే చేస్తారు, పొరలు వాలిపోకుండా.

జనం చూపులా? మొదట్లో లిఫ్టులో ఒకావిడ, ‘పైన లెహంగా మర్చిపోయావా పాపా?’ అని నిజంగానే కంగారుపడింది. తెలుపు, లేత గులాబీ రంగులైతే ఇవి తప్పవు. బూడిద రంగుది వేసుకుని పైన మామూలు కాటన్ చొక్కా వేస్తే ఎవరూ పట్టించుకోరు. ఇప్పుడు టైలరక్క దగ్గర ముదురు నీలం రంగుది కుట్టడానికి ఇచ్చాను. ఈసారి గట్టి నెట్ పొర కూడా తీసేయించి, కుడివైపు జేబు పెట్టమన్నాను. లైనింగ్‌కే జేబు కుట్టి, పై పొరల్లో చెయ్యి దూరేంత చీలిక వదులుతానంది.