ఈ-టైపా, పగోడానా?

కూడబెట్టిన డబ్బుతో ఒక్క పాత కారే కొనాలంటే నా ఓటు ‘పగోడా’ అని ముద్దుగా పిలిచే మెర్సిడెస్ 280 ఎస్‌ఎల్‌కే. జాగ్వార్ ఈ-టైప్ అందం గురించి వాదించను. ఆ పొడవాటి బానెట్ పక్కన ఏ కారైనా వెలవెలబోతుంది. కానీ 1961లో వచ్చిన 3.8 లీటర్ మోడల్‌లో ఫస్ట్ గేర్‌కి సింక్రోమెష్ (గేరు సాఫీగా పడేలా చేసే ఏర్పాటు) లేదు, ట్రాఫిక్‌లో ఒకటే గరగర. కొంటే 1964 చివర్లో వచ్చిన 4.2 లీటర్ మోడల్ చూసుకోండి, అందులో ఆ బాధ లేదు. ఈ-టైప్ వెనక డిస్క్ బ్రేకులు డిఫరెన్షియల్‌ని (వెనక చక్రాలకు శక్తిని పంచే గేర్ల పెట్టెని) ఆనుకుని లోపలెక్కడో ఉంటాయి. వాటి పని చెబితే బర్మింగ్‌హామ్‌లో మా మెకానిక్ ముందు టీ తాగొస్తానంటాడు.

పగోడాలో ఆ వేగం లేదు, నిజమే. అయితే మధ్యలో లోతుగా వంగిన హార్డ్‌టాప్, పెద్ద అద్దాలు, ఫ్యూయల్ ఇంజెక్షన్, కావాలంటే ఆటోమేటిక్. మా ఆవిడ కూడా హాయిగా నడుపుతుంది. తుప్పు బెడద మాత్రం రెండింటికీ ఉంది. పెయింట్ మెరుపు చూసి మురిసిపోకుండా, లిఫ్ట్ ఎక్కించి డోర్ల కింది సిల్స్, ఫ్లోర్ చూశాకే బేరం మొదలుపెట్టండి.