సింగిల్ ఫేజ్ ఇంట్లో త్రీ ఫేజ్ లేత్: 2 హెచ్‌పీ వీఎఫ్‌డీ కొనొచ్చా?

మిల్లుల నుంచో వర్క్‌షాపుల నుంచో వచ్చే పాత లేత్‌కు (ఇనుప ముక్కను తిప్పుతూ కోసే మిషన్) సాధారణంగా త్రీ ఫేజ్ మోటారే ఉంటుంది. నల్లగొండ, దేవరకొండ వైపు ఇళ్లకు ఎక్కువగా ఉన్నది సింగిల్ ఫేజ్. బోరు కోసం ఇచ్చిన త్రీ ఫేజ్ లైను సాగుకే, షెడ్డుకు వాడకూడదు. ఇక మిగిలింది 230 వోల్టులు తీసుకుని త్రీ ఫేజ్ ఇచ్చే వీఎఫ్‌డీ, అంటే మోటారు వేగాన్నీ మార్చే ఎలక్ట్రానిక్ బాక్సు. 1.5 కిలోవాట్ల సైజు 2 హెచ్‌పీ మోటారుకు సరిపోతుంది. మంచి వస్తువే, కానీ అన్ని మోటార్లకూ కాదు.

కొనే ముందు మోటారు నేమ్‌ప్లేట్ చదవండి. ఈ బాక్సు ఇచ్చేది త్రీ ఫేజే గానీ 230 వోల్టులది, 415 కాదు. మన దగ్గర 2 హెచ్‌పీ వరకు మోటార్లు ఎక్కువగా 415 స్టార్ (మూడు వైండింగుల ఒక్కో కొన ఒకచోట కలిపినవి). టెర్మినల్ బాక్సులో ఆరు వైర్లుంటే పని సులువు: స్టార్ పట్టీ తీసి యూ1-డబ్ల్యూ2, వీ1-యూ2, డబ్ల్యూ1-వీ2 కలిపితే డెల్టా (వైండింగులు కొనకు కొన గొలుసుగా కలవడం) అయి 240కి దిగుతుంది. మూడే వైర్లు బయటికొస్తే స్టార్ జాయింటు లోపలుంది, దాన్ని వైండింగ్ షాపులో విడదీయించాలి. 3 హెచ్‌పీ, ఆపైవి మామూలుగా 415 డెల్టా. వాటిని ఈ బాక్సుతో 50 హెర్ట్జ్‌లో తిప్పితే టార్క్ మూడో వంతుకు పడిపోతుంది. ఖాళీగా చక్కగా తిరుగుతుంది, టూల్ తగిలించగానే ఆగుతుంది. దానికి ఈ బాక్సు దండగ.

బాక్సుకు, మోటారుకు మధ్య లేత్ పాత ఫార్వర్డ్-రివర్స్ స్విచ్ ఉంచొద్దు. తిరుగుతుండగా అది తెరిస్తే ఓవర్ కరెంట్ ట్రిప్, అదృష్టం బాగోకపోతే లోపలి పవర్ మాడ్యూలే పోతుంది. ఆ స్విచ్‌ను బాక్సు కంట్రోల్ టెర్మినల్స్‌కు కలపండి. కూలెంట్ పంపు, ల్యాంపు వీఎఫ్‌డీ అవుట్‌పుట్ మీద వద్దు.

సెట్టింగుల్లో బేస్ ఫ్రీక్వెన్సీ 50. మోటారు కరెంటు మాత్రం డెల్టాది వేయాలి: ప్లేటు మీద స్టార్‌కు 3.5 ఆంపియర్లని ఉంటే 3.5 ఇంటూ 1.73, అంటే 6. ఇక్కడ చాలామంది 3.5 వేసేసి, లోడు పడగానే ట్రిప్ అవుతోందని బాక్సును తిడతారు. వేగం పైకెక్కే సమయం 5 నుంచి 8 సెకన్లు. ఆగే సమయం తక్కువ పెడితే బరువైన చక్ (ముక్కను పట్టుకుని తిరిగే భాగం) ఇంకా తిరుగుతూ కరెంటును వెనక్కి తోస్తుంది, ఓవర్ వోల్టేజ్ అని ఆగిపోతుంది. 25 హెర్ట్జ్ కింద ఎక్కువసేపు నడిపితే మోటారు ఫ్యాన్ గాలి చాలదు.

ఈ బాక్సులో నాకు బాగా నచ్చింది డిస్‌ప్లేలో కనిపించే డీసీ బస్ వోల్టేజ్, అంటే వచ్చిన ఏసీని బాక్సు లోపల డీసీగా మార్చాక ఉండే వోల్టేజ్. ఇన్‌పుట్‌లో 230 ఉంటే లోడు లేనప్పుడు 325 చూపాలి. మన ఊళ్లలో కరెంటు పోయి వచ్చినప్పుడు ఆటో స్టార్టర్ల మీదున్న బోరు మోటార్లన్నీ ఒకేసారి లేస్తాయి, అప్పుడు చూడండి ఆ అంకె. మిషన్ ఆపి ఉండగానే 260 దగ్గర ఉంటే లోపం బాక్సుది కాదు, లైనుదో ట్రాన్స్‌ఫార్మర్‌దో. లోడు లేనప్పుడు 320 ఉండి, కోత మొదలవగానే బాగా దిగితే మీటరు దగ్గర ఒక మల్టీమీటరు, షెడ్డులో మరొకటి పెట్టి ఒకేసారి కొలవండి. మీటరు దగ్గర 225, షెడ్డులో 205 ఉంటే తప్పు మీ వైరుదో జాయింటుదో. రెండు చోట్లా పడితే సర్వీసు వైరు నుంచి పైకి వెతకాలి. మీ ఇంట్లో లైట్లు మసకబారుతూ వేరే ఫేజ్ మీదున్న పక్కింట్లో 260 దాటుతుంటే లైను న్యూట్రల్ ఊడుతోంది: వెంటనే మెయిన్ ఆపి కరెంటు ఆఫీసు నంబరు 1912కు ఫోన్ చేయాలి.

పూర్తి లోడు మీద ఇన్‌పుట్ దాదాపు 14, 15 ఆంపియర్లు గుంజుతుంది. 16 ఆంపియర్ల సాకెట్ అంచున పడుతుంది, ప్లగ్ పిన్నులు కాలి నల్లబడతాయి. మెయిన్ బోర్డు నుంచి 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, దానికి విడిగా 20 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే పడిపోయే స్విచ్) వేయించండి. 25 మీటర్ల దూరానికి 1.5 వైరు లాగితే అందులోనే 9 వోల్టులు పోతాయి, 4 అయితే మూడున్నర.

ఎర్త్ లేకుండా నడిపితే లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల లేత్ బాడీ మీద 100 వోల్టుల పైన కనిపిస్తుంది, చేయి పెడితే జివ్వుమంటుంది. మన రాతి నేలల్లో ఎర్త్ గుంత ఎండాకాలం ఎండిపోతుంది, నీళ్లు పోస్తూ ఉండాలి. ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్త్‌లోకి లీకైతే ఆపే స్విచ్) మాటిమాటికీ పడితే దాన్ని తీసేయకండి, మాన్యువల్‌లో చెప్పిన టైపుది ఈ లైనుకు విడిగా పెట్టించండి.

గ్రైండర్ పక్కన బిగించొద్దు, ఇనుప పొడి ఫ్యాన్ గుండా బోర్డు మీద చేరుతుంది. దుమ్ము దులపడానికి మూత తీయాలంటే మెయిన్ ఆపాక పది నిమిషాలు ఆగి, బస్ టెర్మినల్స్ మీటరుతో చూశాకే చేయి పెట్టండి.