గురక ఆపే క్లిప్పులు, గడ్డం బెల్టు కిట్ కొనబోతున్నారా? కాస్త ఆగండి

మా ఆయన గురక మా సందులో అందరికీ తెలుసు. సత్యనారాయణపురంలో మా ఇల్లు, పక్కిల్లు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి మరి. పక్కింటి పిన్నిగారు ఒకరోజు "అర్ధరాత్రి మిక్సీ వేస్తారేంటమ్మా" అని అడిగేశారు. వేరే గదిలో పడుకుందామంటే మాకు ఏసీ ఉన్నది ఒక్క గదిలోనే. బెజవాడ మే నెలలో హాల్లో పడుకోవడం కన్నా గురకే నయం.

అలా కంటి మీద కునుకు లేని ఒక రాత్రి రెండింటికి ఫోన్లో ప్రకటన కనబడింది. మొదటి రాత్రి నుంచే గురక బంద్ అట, 30 రాత్రులు వాడి చూసి నచ్చకపోతే డబ్బు వాపసు అట. ముక్కుకి పెట్టుకునే నాలుగు అయస్కాంతం క్లిప్పులు, నోరు తెరుచుకోకుండా కట్టే ఒక గడ్డం బెల్టు, 1,499 రూపాయలు. నిద్ర లేని మనిషికి ఏదైనా అమ్మొచ్చు. కొనేశాను.

వచ్చిన డబ్బా మీద తయారీదారు పేరు లేదు, అడ్రసు లేదు, ఏ దేశం సరుకో లేదు, ఎమ్మార్పీ కూడా లేదు. ప్యాకెట్ సరుకు మీద ఇవన్నీ ఉండాలన్నది రూలు. అప్పుడే అనుమానం రావాల్సింది నాకు.

ముక్కుకి పెట్టిన క్లిప్పు గంటకే ఊడిపోయి, తెల్లారాక దిండు గలీబులో దొరికింది. రెండో రాత్రికి ముక్కు లోపల ఎర్రగా ఒరుసుకుపోయింది. గురక మాత్రం యథాతథం. మూడో రాత్రి బెల్టు కట్టుకుంటే అచ్చం పంటినొప్పి వచ్చినవాడిలా ఉన్నారు, నేను నవ్వాను కూడా. కాసేపటికి గురక నిజంగానే ఆగింది. హమ్మయ్య అనుకుని ఇటు తిరిగేలోపు, ఎవరో గొంతు పిసికి వదిలినట్టు ఎగిరి కూర్చున్నారు. బెల్టు పీకేసి "నన్ను చంపుతావా ఏంటే" అన్నారు.

మర్నాడు రాత్రి బెల్టు లేకుండానే ఫోన్లో రికార్డు పెట్టాను. గురక, గురక, తర్వాత ఏమీ లేదు. లెక్కపెట్టాను, 22 సెకన్లు ఊపిరి చప్పుడే లేదు. తర్వాత పెద్దగా ఎగశ్వాస. రాత్రంతా అదే వరస.

సూర్యారావుపేటలో ఈఎన్‌టీ డాక్టరు గారికి ఆ రికార్డు వినిపించాం. పగలు కునికిపాట్లు వస్తాయా అని అడిగారు. ఈయన రోజూ వారధి దాటి బండి మీద గుంటూరు వెళ్ళొస్తారు. సిగ్నల్ దగ్గర కళ్ళు మూతలు పడతాయని నాకెప్పుడూ చెప్పని మాట అక్కడ చెప్పారు! నాకు కాళ్ళు వణికాయి.

గురక పుట్టేది ముక్కు కొసలో కాదట. నిద్రలో గొంతు వెనక కండరాలు వదులై దారి ఇరుకైతే, అంగిలి వెనక మెత్తటి భాగం, కొండనాలుక గాలికి అదిరి ఆ చప్పుడు వస్తుంది. దారి మూసుకుపోయి నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తుంటే, అది స్లీప్ ఆప్నియా. ముక్కు దిబ్బడ వల్ల వచ్చే గురకైతే ముక్కు మీద అంటించే పట్టీ కొంత సాయం చేస్తుంది గానీ, ఆప్నియాకి అది మందు కాదు. ఈయనకి ముక్కు దూలం కూడా వంకరట. అలాంటి మనిషికి నోరు మూసి బెల్టు కట్టానని చెబితే డాక్టరు గారు చూసిన చూపు ఇంకా గుర్తుంది.

ఇంట్లోనే ఒక రాత్రి వేలికి, ముక్కుకి, ఛాతీకి సెన్సార్లు పెట్టి స్లీప్ స్టడీ చేశారు. గంటకి సగటున 34 సార్లు ఊపిరి అడ్డుపడుతోందని వచ్చింది. 30 దాటితే తీవ్రమే. ఇప్పుడు సీపాప్ మెషీన్, అంటే గాలిని ఒత్తిడితో పంపి గొంతు దారి మూసుకోకుండా చూసే మెషీన్, దాని మాస్క్ పెట్టుకుని పడుకుంటున్నారు. మొదటి వారం విసుక్కున్నారు, ఇప్పుడు ఊరెళ్ళినా బ్యాగులో అదే ముందు సర్దుతున్నారు.

ఇక డబ్బు సంగతి. వాపసు అడిగితే "శుభ్రతకు సంబంధించిన వస్తువు, సీల్ తీస్తే రిటర్న్ లేదు" అన్నారు. సీల్ తీయకుండా 30 రాత్రులు ఎలా వాడాలో మాత్రం చెప్పలేదు. తర్వాత ఆ ప్రకటన పేజీయే మాయమైంది. స్క్రీన్‌షాట్ తీసి ఉంచాను కాబట్టి సరిపోయింది. మీరు ఏది కొన్నా ఆ పని ముందు చేయండి. ఆన్‌లైన్ అమ్మకందారు ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. 2020 నాటి ఈ-కామర్స్ రూల్సులో ఉంది. వాళ్ళు పలకకపోయేసరికి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాను. తెలుగులోనే మాట్లాడారు.

అన్నట్టు, అవే క్లిప్పులు మొన్న బీసెంట్ రోడ్డులో ఇయర్‌ఫోన్ల పక్కన వేలాడుతున్నాయి, ప్యాకెట్ 60 రూపాయలు. నాకు ఫిర్యాదు నంబరైతే వచ్చింది, డబ్బు ఇంకా రాలేదు.