మదీనా యాత్ర: మూడు వందల మీటర్లని చెప్పిన హోటలు

ఉమ్రా (మక్కా యాత్ర) ప్యాకేజీ మాట్లాడుకున్నప్పుడు ఏజెంటు, మదీనాలో హోటలు హరమ్‌కు, అంటే ప్రవక్త మసీదు మస్జిదె నబవీకి, మూడు వందల మీటర్ల దూరంలోనే ఉంటుందని మా అమ్మ ఎదుటే చెప్పాడు. ఆ మాట నమ్మి, మనిషికి ₹96,000 చొప్పున ముగ్గురికి చెల్లించాము. తీరా చేరాక ఫోనులో కొలిచి చూస్తే, మస్జిదె నబవీ గేటుకు నడక దూరం 1.6 కిలోమీటర్లు ఉంది. హోటలు బస్సు తెల్లవారుజామున ఫజరు నమాజు వేళకు నడవదన్నారు. మోకాళ్ల నొప్పులున్న అరవై ఎనిమిదేళ్ల అమ్మ తొలి రెండు రోజులూ ఫజరు నమాజు గదిలోనే చేసుకుని, "ఇంత దూరం వచ్చి అజాను కిటికీలోంచి వినాల్సి వచ్చింది" అని కన్నీళ్లు పెట్టుకుంది. ఏజెంటుకు ఫోను చేస్తే, రద్దీ ఎక్కువగా ఉంది, సర్దుకోండి అన్నాడు. మూడో రోజు నా సొంత డబ్బుతో, రాత్రికి 310 రియాళ్ల చొప్పున, ఉత్తరం వైపు గేటు దగ్గర గది తీసుకున్నాను. ఆరు రాత్రులకు 1,860 రియాళ్లయ్యాయి. పెద్దవాళ్లను తీసుకువెళ్లేవారు హోటలు పేరు కాగితం మీద రాయించుకుని, స్త్రీలు లోపలికి వెళ్లే గేటు వరకు నడక దూరం తామే చూసుకున్న తరువాతే అడ్వాన్సు ఇవ్వాలి.

మక్కా నుంచి హరమైన్ రైలులో వచ్చాము. టికెట్టు 172 రియాళ్లు, ప్రయాణం సుఖంగా జరిగింది.

మస్జిదె నబవీ లోపల రౌజా అనే పవిత్ర స్థలం దర్శనానికి సౌదీ ప్రభుత్వపు నుసుక్ యాప్‌లో సమయం తీసుకోవాలి, దానికి రుసుము లేదు. మా హోటలు లాబీలో ఒకతను మనిషికి 50 రియాళ్లు అడిగాడు, ఎవ్వరూ ఇవ్వకండి. ప్రవక్త ఇంటికీ మింబరుకూ (ప్రసంగ వేదికకూ) మధ్య ఉన్న ఆ కొద్దిపాటి చోటులో నాకు దొరికింది పది నిమిషాలే. ఆయన సమాధి ఉన్నది ఒకప్పుడు ఆయన భార్య హజ్రత్ ఆయిషా నివసించిన గదిలో. తొలి ఇద్దరు ఖలీఫాలు అబూబకర్, ఉమర్ సమాధులు కూడా అక్కడే ఉన్నాయి. పైనున్న గుమ్మటాన్ని 1279లో మమ్లూక్ సుల్తాను ఖలావూన్ కాలంలో మొదట చెక్కతో కట్టారనీ, దానికి ఆకుపచ్చ రంగు వేసింది 1837లో మాత్రమేననీ తెలిసినప్పుడు, చిన్నప్పటి నుంచీ మా ఇంటి గోడ మీది పటంలో చూసిన ఆ రంగు అనాదిగా ఉన్నదనుకున్న నాకు ఆశ్చర్యం కలిగింది.

జియారత్‌కు, అంటే మదీనా చుట్టుపక్కల పవిత్ర స్థలాలు చూడడానికి, సగం రోజుకు 150 రియాళ్లకు టాక్సీ మాట్లాడాము. డ్రైవరు కరీంనగర్ జిల్లావాడు కావడం మా అదృష్టం. 622లో మక్కా నుంచి హిజ్రత్ (వలస) చేసి వచ్చిన ప్రవక్త పునాది వేసిన ఖుబా మసీదునూ, 624లో నమాజు దిశ జెరూసలేము నుంచి కాబా వైపుకు మారిన ఘటనను గుర్తుచేసే ఖిబ్లతైన్ మసీదునూ తొందరలేకుండా చూపించాడు. ఉహుద్ కొండ దగ్గర మాత్రం అమ్మ దిగలేనంటే, "అమ్మా, నువ్వు ఈడనే నీడల కూసో, నేను చెప్త" అని కారు తలుపు తెరిచి పట్టుకుని, ఎదురుగా ఉన్న విలుకాండ్ర గుట్టను చూపిస్తూ మక్కావాళ్లతో జరిగిన 625 నాటి యుద్ధం మొత్తం వివరించాడు. ఏం జరిగినా దిగవద్దని ప్రవక్త ఆ గుట్ట మీద నిలిపిన యాభై మంది విలుకాండ్రలో ఎక్కువమంది, గెలిచామనుకుని యుద్ధ సొమ్ము కోసం కిందికి దిగారు. అప్పటికి శత్రుపక్షంలో ఉన్న ఖాలిద్ బిన్ వలీద్ గుర్రపు దళంతో వెనుక నుంచి విరుచుకుపడ్డాడు. ప్రవక్త పినతండ్రి హంజాతో కలిపి దాదాపు డెబ్బై మంది అమరులయ్యారు. గుట్ట ఎంత చిన్నదో కళ్లారా చూస్తేనే ఆ పొరపాటు ఎంత ఖరీదైనదో అర్థమవుతుంది. అమ్మ కారులో కూర్చునే ఆ అమరుల కోసం దువా (ప్రార్థన) చేసింది.

డమాస్కస్ నుంచి వచ్చే హిజాజ్ రైలు మార్గానికి 1908లో చివరి స్టేషనుగా తెరిచిన నల్లరాతి భవనం ఇప్పుడు మ్యూజియం; మేము వెళ్లేసరికి మూసి ఉండడంతో బయటి నుంచే చూశాము.

గురువారం ఉపవాసం ఉన్న మా ముగ్గురికీ మగ్రిబ్ (సూర్యాస్తమయ నమాజు) ముందు మసీదులో భోజనానికి నేల మీద పరిచిన సుఫ్రా దగ్గర ముక్కూ మొహం తెలియని స్థానికులు చోటిచ్చి కూర్చోబెట్టారు. నావైపు మగవాళ్ల సుఫ్రాలోనూ, అమ్మా నా భార్యా కూర్చున్న స్త్రీల సుఫ్రాలోనూ ఒకే భోజనం: ఖర్జూరాలు, రొట్టె, మక్కాలోని జమ్‌జమ్ బావి నీళ్లు, దుక్కా అనే మసాలా పొడి చల్లిన పెరుగు. ఎనిమిది రోజుల్లో నేను తిన్నవాటిలో అంత రుచి మరి దేనికీ లేదు. ఆ రెండు రాత్రుల బాధను అమ్మ మొదటిసారి మరిచిపోయి నవ్వింది కూడా అప్పుడే. మరునాడు అజ్వా ఖర్జూరాలతోపాటు 15 రియాళ్లకు ఆ పొడి పొట్లం కూడా కొనిపించుకుంది. ఇంటికి వచ్చాక పెరుగన్నంలో రోజూ చిటికెడు వేసుకుంటోంది.