అండమానా, లక్షద్వీపా: ఏది మేలు?

ద్వీపాలు చూడాలని ఉంది, ఎక్కడికి వెళ్ళమంటారు అని ఎవరైనా అడిగితే నేను ముందు సముద్రం మాట ఎత్తను. టూర్ మధ్యలో మనసు మారితే ప్లాన్ మార్చుకునే రకమా, లేక ఎవరో ఒకరు అన్నీ చూసుకుంటే హాయిగా ఉండగలిగే రకమా అని అడుగుతాను. నీళ్ళు రెండుచోట్లా అందంగానే ఉంటాయి. తేడా వచ్చేదల్లా ప్లాన్ ఎవరి చేతిలో ఉంటుందన్న దగ్గరే. అండమాన్‌లో అది చాలావరకు మన చేతిలో ఉంటుంది. లక్షద్వీప్‌లో పర్మిట్, ఓడ, ప్యాకేజీ కలిసి మన రోజుల్ని నిర్ణయిస్తాయి.

వెళ్ళడం దగ్గరే ఈ తేడా తెలిసిపోతుంది. అండమాన్‌కు హైదరాబాద్ నుంచి నేరుగా విమానాలున్నాయి. చెన్నై నుంచి అయితే రెండు గంటల పైచిలుకు ప్రయాణం. విశాఖ నుంచి ఓడ కూడా ఉంది గానీ అది ఎప్పుడో ఒకసారి బయల్దేరుతుంది, చేరడానికి రెండు రోజులు దాటుతుంది. సెలవులు లెక్కపెట్టుకుని వెళ్ళేవాళ్ళకు అది కుదరదు. పోర్ట్ బ్లెయిర్‌కు (2024లో పేరు శ్రీ విజయపురంగా మార్చారు), హేవ్‌లాక్, నీల్ ద్వీపాలకు మనవాళ్ళకు పర్మిట్ అక్కర్లేదు. గుర్తింపు కార్డు ఉంటే చాలు. ఆదివాసీల రిజర్వు ప్రాంతాల్లో మాత్రం ఎవరినీ తిరగనివ్వరు, తిరగనివ్వకూడదు కూడా.

లక్షద్వీప్ వెళ్ళాలంటే భారతీయులకైనా పర్మిట్ ఉండాల్సిందే. ఏ ద్వీపానికి, ఏ తేదీల్లో అన్నది ముందే తేల్చుకుని దరఖాస్తు పెట్టుకోవాలి. ఆ తర్వాత కొచ్చి నుంచి చిన్న విమానంలో అగత్తి ద్వీపానికి వెళ్ళాలి, లేదంటే ఓడ ఎక్కాలి. ద్వీపాన్ని బట్టి ఓడలో పద్నాలుగు నుంచి పద్దెనిమిది గంటలు పడుతుంది. అక్కడివాళ్ళు ఆస్పత్రికి వెళ్ళాలన్నా, చదువులకు వెళ్ళాలన్నా ఆ ఓడలే దిక్కు. అందుకే టికెట్లు తేలిగ్గా దొరకవు. మొత్తం 36 ద్వీపాల్లో జనం ఉండేవి పదే. వాటి విస్తీర్ణమంతా కలిపినా 32 చదరపు కిలోమీటర్లు. అంత చిన్న చోట నియమాలు గట్టిగా ఉండటమే సబబని నా అభిప్రాయం.

పెద్దవాళ్ళను తీసుకెళ్ళేవాళ్ళు ఒక విషయం గట్టిగా ఆలోచించుకోవాలి. లక్షద్వీప్‌లో పెద్ద ఓడ చాలాచోట్ల ఒడ్డు దాకా రాదు. పగడపు దిబ్బలకు అవతల, లోతు నీళ్ళలోనే ఆగిపోతుంది. ఓడ పక్కనున్న తలుపు తెరుస్తారు, కింద చిన్న పడవ వచ్చి ఆనుకుంటుంది. అల వచ్చినప్పుడు పడవ గుమ్మం ఎత్తుకు లేస్తుంది, మరుక్షణం కిందికి దిగిపోతుంది. ఇటు ఇద్దరు, అటు ఇద్దరు సిబ్బంది నిలబడి మన మోచేతులు పట్టుకుంటారు. పడవ పైకి లేచిన క్షణంలో "ఊఁ" అనగానే అడుగు వేసేయాలి. వాళ్ళకది రోజూ చేసే పని కాబట్టి చాలా నేర్పుగా దించుతారు. అయినా మోకాళ్ళ నొప్పులున్న అమ్మమ్మకు ఆ ఒక్క అడుగే పెద్ద టెన్షన్. అండమాన్‌లో జెట్టీకి ఆనుకున్న ఫెర్రీలోకి చిన్న వంతెన మీదుగా నడిచి ఎక్కేస్తారు.

ఇక నీళ్ళ సంగతి. ఇక్కడ మాత్రం లక్షద్వీప్‌దే పైచేయి. ద్వీపాల పక్కన పగడపు దిబ్బలు అడ్డుగోడలా ఉంటాయి. అలలు అక్కడే విరిగిపోతాయి కాబట్టి లోపలి లాగూన్ (దిబ్బకూ ఒడ్డుకూ మధ్య ఉండే నీళ్ళు) చెరువులా నిలకడగా ఉంటుంది. నడుము లోతు నీళ్ళలో నిలబడితే కాలివేళ్ళ పక్కన తిరిగే చేపలు, ఇసుకలో కదిలే పీతలు పైనుంచే కనబడతాయి. ఈత రానివాళ్ళు కూడా లైఫ్ జాకెట్ వేసుకుని, ముఖానికి మాస్క్ పెట్టుకుని గంటలు గంటలు తేలుతూ ఉండొచ్చు. అండమాన్‌లో రాధానగర్ బీచ్ ఎంత అందమైనదైనా అది అలలకు అడ్డులేని సముద్రం. అలల లాగుడు ఉంటుంది. అండమాన్ తీరాల్లో కొన్నిచోట్ల ఉప్పునీటి మొసళ్ళున్నాయని హెచ్చరిక బోర్డులు కూడా పెట్టారు. ఆ బోర్డు ఉన్నచోట నీళ్ళు ఎంత ఊరించినా దిగకూడదు. స్కూబా డైవింగ్ నేర్చుకోవాలంటే మాత్రం హేవ్‌లాక్‌లో శిక్షణ ఇచ్చేవాళ్ళు ఎక్కువ, ఎంచుకునే వీలూ ఎక్కువ.

నీళ్ళు కాకుండా ఇంకేముంది అంటే అండమాన్ పక్కనే నిలబడతాను. 1896 నుంచి 1906 దాకా కట్టిన సెల్యులార్ జైలు ఒక్కటి చాలు ఆ ప్రయాణానికి. ఏడు విభాగాల్లో మూడే మిగిలాయి. కాకినాడ బాంబు కేసులో శిక్ష పడిన స్వాతంత్ర్య సమరయోధుడు ప్రతివాది భయంకరాచారి గారు ఖైదు అనుభవించింది ఇక్కడే. పిల్లలకు ఈ కథ ముందే చెప్పి తీసుకెళ్ళండి, ఆ గదుల ముందు వాళ్ళంతట వాళ్ళే మౌనంగా నిలబడతారు. బారాటాంగ్ ద్వీపంలో సున్నపురాయి గుహలు, మడ అడవుల మధ్య పడవ ప్రయాణం ఉన్నాయి. కాకపోతే దానికి తెల్లవారకముందే లేచి జిర్కాటాంగ్ చెక్‌పోస్ట్ దగ్గర క్యూలో నిలబడాలి. జారవా ఆదివాసీల అడవి గుండా వెళ్ళే ఆ దారిలో వాహనాలను గుంపుగా, నిర్ణీత సమయాల్లోనే వదులుతారు. దారిలో బండి ఆపడం, ఫోటోలు తీయడం నిషేధం. జారవాలను చూపిస్తాం రండి అని ఆశపెట్టే ఏజెంటు ఎవరైనా తగిలితే అక్కడికక్కడే వద్దని చెప్పేయండి. మనుషులు చూసి వచ్చే వస్తువులు కారు.

తిండి దగ్గరకొస్తే ఎవరి నాలుకను బట్టి వాళ్ళ తీర్పు ఉంటుంది. పోర్ట్ బ్లెయిర్‌లో బెంగాలీ, తమిళ, తెలుగు కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. మన ఉత్తరాంధ్ర నుంచి వలస వెళ్ళినవాళ్ళు చాలామంది. బజారులో తెలుగు వినబడితే ఆశ్చర్యపోకండి. ఇడ్లీ నుంచి చేపల పులుసు దాకా దొరుకుతుంది, ఒక హోటల్ నచ్చకపోతే పక్క హోటల్‌కు వెళ్ళొచ్చు. హేవ్‌లాక్‌లో రేట్లు ఎక్కువ. అక్కడ ఏ పూట ఏ చేప వచ్చిందో అడిగి, బరువు, ధర ముందే మాట్లాడుకుని ఆర్డర్ ఇవ్వండి.

లక్షద్వీప్‌లో బయట తినడం అంటూ పెద్దగా ఉండదు. ప్యాకేజీలో ఏం వడ్డిస్తే అదే. కానీ చేప తినేవాళ్ళకు ఆ వడ్డనే పండగ. ట్యూనా, కొబ్బరి అక్కడి వంటకు రెండు కళ్ళు. ట్యూనాను ఉడికించి, పొగపెట్టి, ఎండబెట్టి చేసే మాస్‌మీన్ తప్పక రుచి చూడాలి. శాకాహారులకే ఇబ్బంది. కూరగాయలు ఎక్కువగా కొచ్చి నుంచి ఓడలో రావాల్సిందే కాబట్టి అన్నం, పప్పు, ఒక కూరతో సర్దుకోవాలి. బంగారం ద్వీపంలోని రిసార్ట్ తప్పిస్తే మద్యం నిషేధం.

ఫోన్ మీద మనం ఎంత ఆధారపడి ఉన్నామో ద్వీపాల్లో బాగా తెలుస్తుంది. చెన్నై నుంచి అండమాన్‌కు 2020లో, కొచ్చి నుంచి లక్షద్వీప్‌కు 2024లో సముద్రం అడుగున కేబుల్ ప్రారంభమయ్యాక నెట్ మునుపటికన్నా మెరుగైంది. అయినా నడిసముద్రంలో సిగ్నల్ ఉండదు, చిన్న ద్వీపాల్లో అన్ని మూలలా అందదు. గూగుల్ మ్యాప్స్‌లో ఆ ప్రాంతం మ్యాప్‌ను ఇంట్లో ఉండగానే డౌన్‌లోడ్ చేసుకోండి. టికెట్లు, పర్మిట్ స్క్రీన్‌షాట్ తీసి, ఒక ప్రింట్ కూడా పెట్టుకోండి. యూపీఐ ఉందన్న ధీమాతో ఖాళీ పర్సుతో వెళ్ళొద్దు. వాతావరణ శాఖ వారి మౌసం యాప్ రెండుచోట్లా పనికొస్తుంది. ఆటుపోట్ల సమయాలు చూపించే యాప్ అయితే అండమాన్‌లోనే ఎక్కువ అక్కరకొస్తుంది. నీల్ ద్వీపంలో రాతి వంతెన దాకా నడవాలంటే ఆటు సమయం చూసుకునే వెళ్ళాలి.

గడియారం కూడా మోసం చేస్తుంది. అండమాన్ బాగా తూర్పున ఉంది, టైమ్ మాత్రం మనదే. డిసెంబర్‌లో సాయంత్రం ఐదింటికల్లా సూర్యుడు వెళ్ళిపోతాడు. భోంచేసి, కునుకు తీసి, నాలుగున్నరకు తీరిగ్గా రాధానగర్ బయల్దేరేవాళ్ళకు చీకటే మిగులుతుంది. లక్షద్వీప్‌లో పొద్దు ఆలస్యంగా వాలుతుంది, సాయంత్రాలు పొడవు. డిసెంబర్ నుంచి ఏప్రిల్ దాకా రెండిటికీ మంచి కాలమే. నైరుతి రుతుపవనాలు వచ్చాక లక్షద్వీప్ టూర్లు దాదాపు ఆగిపోతాయి, అండమాన్‌లోనూ ఫెర్రీలు రద్దవుతుంటాయి.

కాబట్టి మొదటిసారి వెళ్ళేవాళ్ళకు, పెద్దవాళ్ళు, పిల్లలు కలిసిన కుటుంబానికి, శాకాహారులకు నా ఓటు అండమాన్‌కే. ఒకరికి ఒంట్లో బాగోకపోతే ఆ రోజు ప్లాన్ మానుకుని గదిలో ఉండొచ్చు, మర్నాడు ఇంకోటి చూసుకోవచ్చు. ఆ వెసులుబాటు ఎంత ఖరీదైనదో కుటుంబంతో తిరిగినవాళ్ళకు తెలుసు. ఇద్దరే వెళ్తున్నారు, నీళ్ళంటే ప్రాణం, నాలుగు రోజులు ఫోన్ మోగకపోయినా దిగులు లేదు అనుకుంటే కళ్ళు మూసుకుని లక్షద్వీప్ ఎంచుకోండి. అండమాన్ చూసేసినవాళ్ళు కూడా తర్వాతది అదే పెట్టుకోవాలి.

అండమాన్ ఖాయం చేసుకుంటే హోటల్ కన్నా ముందు ఫెర్రీ టికెట్లు తీసుకోండి. గదులు ఎక్కడో ఒకచోట దొరుకుతాయి, ఫెర్రీలో సీటు దొరకడమే కష్టం. తిరుగు విమానానికి ముందు రాత్రి తప్పనిసరిగా పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండండి. సముద్రం బాగోలేదని హేవ్‌లాక్ ఫెర్రీ రద్దయితే విమానం మన కోసం ఆగదు.