పావురాలకు ముళ్లపట్టీలా, వలా? మూడేళ్ల వాడకం తర్వాత

మా షాపులో పావురాలు రాకుండా వీటిని వాడిన చోట్లు రెండు. ముందువైపు సజ్జకీ, నేమ్‌బోర్డు పైఅంచుకీ స్టీలు ముళ్లపట్టీలు. వెనక ఏసీ అవుట్‌డోర్ యూనిట్లున్న షాఫ్టుకి, అంటే గోడల మధ్య నిలువు ఖాళీకి, వల.

ముళ్లపట్టీ పావురాన్ని వాలనివ్వదు, అంతవరకే దాని పని. గూడు పెట్టాలని పట్టుబట్టిన జంటను ఆపలేదు. అవి పుల్లలు తెచ్చి ముళ్ల మధ్య ఇరికిస్తాయి, చివరికి ఆ ముళ్లే గూటిని గాలికి కదలకుండా పట్టి ఉంచుతాయి. కాబట్టి ఊరికే కూర్చుని పోయే చోట ముళ్లు, గూళ్లున్న చోట వల. ఈ తేడా చూడకుండా కొంటే డబ్బు దండగ.

పట్టీలు ఊడిపోతే అందరూ అంటించిన సిలికాన్ జిగురునే తిడతారు, కానీ తప్పు చాలావరకు సజ్జది. ఊడిన ముక్క తిప్పి చూడండి: సిలికాన్ పట్టీకి గట్టిగానే అంటుకుని ఉంటుంది, దాని అడుగున ఎండిన రెట్ట పొర అట్టులా లేచి వచ్చి ఉంటుంది. సజ్జను సిమెంటు కనపడేదాకా గీకి, కడిగి, పూర్తిగా ఆరనిచ్చాకే అంటించాలి. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ వద్దు, అది సిమెంటును సరిగా పట్టదు, లోహాన్ని తినేస్తుంది. న్యూట్రల్ రకం అడిగి తీసుకోండి. అడుగు పట్టీ ఎండకు తట్టుకునే పాలీకార్బొనేట్ అయి ఉండాలి. మామూలు ప్లాస్టిక్ ఎండకు పెళుసెక్కి విరుగుతుంది.

మొదటి వరస ముళ్లు సజ్జ అంచు దాటి కాస్త బయటికి రావాలి. అంచున రెండంగుళాలు వదిలినా పావురం వేళ్లతో అక్కడే పట్టుకుని కూర్చుంటుంది. వెడల్పు సజ్జకు ఒక్క వరస చాలదు. పిచ్చుకలకు, గోరింకలకు ఈ ముళ్లు అడ్డే కాదు.

వల మాత్రం మనసారా మెచ్చుకోవాల్సిన వస్తువు. పావురాలకు 50 మి.మీ. కన్ను సరిపోతుంది, పిచ్చుకలు కూడా దూరుతుంటే 19 మి.మీ. కావాలి. మేకులకు నేరుగా కట్టొద్దు. చుట్టూ స్టీలు తీగ లాగి, టర్న్‌బకిల్‌తో (తిప్పితే తీగను లాగి బిగించే మరతో) బిగించి, ఆ తీగకు వలను రింగులతో పట్టించాలి. వదులుగా ఉంటే గాలికి ఊగి అంచుల్లో చిరుగుతుంది, పక్షులు చిక్కుకుని చస్తాయి. ఏసీ మెకానిక్కు లోపలికి వెళ్లేలా జిప్పు ముందే పెట్టించండి, లేకపోతే మొదటి సర్వీసుకే కత్తెర పడుతుంది.

వల వేసేముందు లోపల గుడ్లు, పిల్లలు ఉన్నాయేమో చూడాలి. గుడ్డు పొదగడానికి సుమారు 18 రోజులు, పిల్ల ఎగరడానికి ఇంకో నెల. ఆగడమే మంచిది. తల్లి బయట ఉండిపోతే పిల్లలు లోపల ఆకలితో చస్తాయి, వాసనకు షాపులో నిలవలేరు.

అల్ట్రాసోనిక్ పెట్టెలు కొనకండి. మనకే వినపడని ఆ కీచు పావురానికి అసలే వినపడదు. మెరిసే రిబ్బన్లు, ప్లాస్టిక్ గుడ్లగూబ కొన్నాళ్లకే అలవాటైపోతాయి.

పాత రెట్టల్ని పొడిగా ఊడవకండి. ఆ దుమ్ముతో ఊపిరితిత్తుల జబ్బులొస్తాయి. బాగా తడిపి, ఎన్95 మాస్కు, గ్లోవ్సు వేసుకుని గీకాలి. మూడు నెలలకోసారి నిచ్చెనెక్కి ముళ్ల మధ్య పుల్లలు తీసేయడం, తీగ బిగువు చూడడం తప్పదు.